‘అవసరం లేదు’ అన్న మాట



ఉద్యోగ విరమణ తరువాత మళ్లీ పలక, బలపం పట్టే పని పడుతుందని నేను అనుకోలేదు. డి.ఓ.ఎల్. చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పది మూడేండ్లు జిల్లా పరిషత్తు పాఠశాలలలో తెలుగు చెప్పాను. ఇంద్రేశంలో చిన్న ఇల్లు కట్టుకొని, ఇక శేషజీవితం నిఘంటువుల నడుమ గడిపేద్దామని నిశ్చయించుకొన్నాను. 2023 దసరా సెలవులు ముగిసిన వారంలో ఒక సాయంకాలం మా గేటు ముందు భార్యాభర్తలు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వెనుక ఇద్దరు పిల్లలు. “సార్, మాకు తెలుగు కావాలి” అన్నాడు అతడు. కిలో బియ్యం కావాలన్నట్టు అడిగాడు. నాకు నవ్వు వచ్చింది, ముచ్చటా వేసింది.

వారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవులు. పేర్లు చెప్పను. అతడు పాశమైలారంలో ఒక కర్మాగారంలో ఫిట్టరు. మా వీథి చివర రెండు గదుల వాటాలో అద్దెకు ఉండేవారు. పిల్ల తొమ్మిదో తరగతి, పిల్లవాడు మూడో తరగతి. వచ్చే జూన్‌లో ఉద్యోగం వదలి నారాయణఖేడ్ వైపు పల్లెలలో మిషను పని చేయాలని వారి సంకల్పం. దానికి సన్నాహంగా తెలుగు.

మొదట నా సంగతి చెప్పాలి. నేను నిత్యం సంధ్య వార్చుకొనే మనిషిని. ఒకరి మతం మరొకరు మార్చాలనే ఆశ నాకు రుచించదు. ఆ మాట మొదటి రోజే వారికి చెప్పాను. అతడు తల ఊపి, “మీరు అక్షరాలు చెప్పండి సార్, మిగతాది మేము చూసుకొంటాం” అన్నాడు. ఆ ఒప్పందం మీద పాఠం మొదలైంది. దాదాపు రెండేండ్లు సాగింది. ఆ రెండేండ్లలో నేను చూసినది ఆ ఇంటి వంటగది, ఆ ఇంటి పద్దు పుస్తకం, ఆ ఇంటి పిల్లల ముఖాలు. మిషను అన్న మాట వినగానే మనలో కొందరికి పవిత్ర కాంతి కనబడుతుంది, కొందరికి కుట్ర కనబడుతుంది. ఆ ఇంట్లో ఉదయం నాలుగున్నరకు లేచి పొయ్యి వెలిగించే స్త్రీ మాత్రం ఎవరికీ కనబడదు. నా అభిప్రాయమంతా ఆమె చుట్టూ తిరుగుతుంది కనుక ముందుగానే చెబుతున్నాను.

వారి దినచర్య ఇది. తెల్లవారుజామున నలుగురూ కూర్చొని ప్రార్థన. పాట తమిళంలో, వాక్యం తెలుగులో. తెలుగు బైబిలులో ఒక్కొక్క వచనం పిల్లవాడు వేలు పెట్టి కూడబలుక్కొని చదివేవాడు. అతనికి ఏ షిఫ్టు అయినా ఈ నియమం తప్పేది కాదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన రోజున ఆ మనిషి కూర్చొనే నిద్రపోవడం నేను స్వయంగా చూశాను. జీతం రాగానే రెండు భాగాలు చేసేవారు. సగంతోనే నెల గడవాలి, తక్కిన సగం ముట్టరాదు. పల్లెలో వచ్చేది అంతే కనుక ఇప్పటినుండే అలవాటు. ఫ్రిజ్ ఆపేశారు. గ్యాసు పొయ్యి ఉండగానే వారానికి రెండు రోజులు పెరట్లో కట్టెల పొయ్యి. ఇవన్నీ అతని నిర్ణయాలు. అమలు మాత్రం ఆమెది.

జొన్నరొట్టె కథ వేరే చెప్పాలి. నారాయణఖేడ్, జహీరాబాదు వైపు జొన్నరొట్టె లేనిదే పూట గడవదు. అన్నం తిని పెరిగిన తమిళ ఇల్లాలు దానిని నేర్చుకోవడానికి పూనుకొన్నది. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో తట్టి, గుండ్రంగా పెంచి, చిరగకుండా ఎత్తి పెనం మీద వేయాలి. పైన తడిగుడ్డ అద్దాలి. చూస్తే అయిదు నిమిషాల పని. ఆమెకు మూడు నెలలు పట్టింది. నేర్పినది పక్క వాటాలోని మన తెలంగాణ అమ్మాయి, ఎల్లమ్మ భక్తురాలు, బోనమెత్తే మనిషి. రొట్టె చిరిగినప్పుడల్లా, “అక్కా, గట్ల కాదు, జర పైలంగా తట్టు” అనేది. నేను ఆ మూడు నెలలలో నేర్పిన విభక్తుల కంటె ఆ అమ్మాయి నేర్పిన తెలుగే ఈమెకు ఎక్కువ వంటబట్టిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను “భోజనం చేశారా” అని నేర్పితే ఆమె వీథిలోకి వెళ్లి “తిన్నవా” అని విని వచ్చేది. రెండూ నోటు పుస్తకంలో ఎదురెదురుగా వ్రాసుకొనేది.

ఇక్కడ ఒక ముచ్చట. మన దేశంలో ఈనాడు గ్రాంథిక భాషను దినమూ పెదవి మీద నిలుపుకొంటున్నవారు ఎవరు? పండితులు కాదు, మేమే వదిలేశాము. చర్చిలో కూర్చొనే కూలి మనిషి, బట్టల కొట్టు గుమస్తా. వారు చదివే బైబిలు అనువాదంలో ‘ఏలయనగా’, ‘చేయుచున్నాడు’, ‘గనుక’ అన్నవి ఇప్పటికీ జీవించి ఉన్నాయి. అ ఆలు రాని ముసలమ్మ కూడ ‘వచ్చియున్నాడు’ అంటుంది. నా శిష్యురాలు మొదట్లో కూరగాయల బండివానితో “నీవు ఎచ్చటనుండి వచ్చియున్నావు” అని అడిగింది. అతడు బండి వదలి పరుగెత్తలేదు, అదే సంతోషం.

తమిళుల నాలుకకు మన వర్గాక్షరాలు పెద్ద పరీక్ష. వారి లిపిలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ‘బాధ’ను ఆమె చాలా కాలం ‘పాద’ అనేది. “నాకు పాదగా ఉన్నది” అంటే ఎదుటివారు కాలు చూసేవారు. ‘మా వీడు చిన్నది’ అని ఇంటిని గురించి చెబితే, పాపం భర్తనే తిడుతున్నదేమో అనుకొనేవారు. తమిళంలో వీడు అంటే ఇల్లు. మన ప్రాచీన కావ్యాలలోనూ వీడు అంటే పట్టణమనే అర్థం ఉన్నదమ్మా, నీవు తప్పు పలకలేదు, ఆరువందల ఏండ్లు ఆలస్యంగా వచ్చావు అంతే అన్నాను. ఇవన్నీ నవ్వుకొని మరచిపోయే తప్పులు. ఒక్కటి మాత్రం నవ్వు తెప్పించలేదు.

2024 ఫిబ్రవరిలో రొట్టె నేర్పిన ఆ పక్కింటి అమ్మాయి భర్త కామెర్లతో పటాన్‌చెరు ఆసుపత్రిలో చేరాడు. మన పల్లెలలో కష్టం వస్తే గుడి, దర్గా, చర్చి అన్న భేదం ఉండదు. ఆ అమ్మాయి దీపాల వేళ వచ్చి గడప దగ్గర నిలబడి, “అక్కా, మా ఆయన కోసం జర ప్రార్థన చేస్తరా? ఇప్పుడు రమ్మంటరా?” అని అడిగింది. ఈమె చేతిలో పప్పు గిన్నె. దించి వస్తాను, నిదానంగా కూర్చొందాము అన్న భావంతో, ముఖం నిండా దయతో, “అవసరం లేదు, అవసరం లేదు” అన్నది. గిన్నె దించి వచ్చేసరికి గడప దగ్గర ఎవరూ లేరు.

తమిళంలో ‘అవసరం’ అంటే తొందర. ‘అవసరం ఇల్లై’ అంటే తొందరేమీ లేదు, నెమ్మదిగా కానీ అని. మూలమైన సంస్కృత పదానికి సమయం, అదను అని అర్థం. ఆ ఒక్క మాట తమిళింటికి వెళ్లి తొందర అయింది, తెలుగింటికి వచ్చి అక్కర అయింది. ఇది నిఘంటువు ముందు కూర్చొన్నవానికి వినోదం. మగడు ఆసుపత్రిలో ఉన్న ఆడదానికి మాత్రం ముఖం మీద తలుపు వేసినట్టు.

పది రోజులు ఆ అమ్మాయి ఈమెతో మాట్లాడలేదు. వేసవికి ముందే మా కాలనీలో నీళ్ల ట్యాంకరు మొదలవుతుంది. వరుసలో బిందె ముందు బిందె, అయినా మాట లేదు. ఈమె నా దగ్గరకు వచ్చి కంటనీరు పెట్టుకొని, “సార్, ఏ తప్పు చేశానో తెలియదు” అన్నది. ఆ సాయంకాలం ఏ మాట అన్నావో అదే మాట చెప్పు అన్నాను. చెప్పింది. నేనూ మా ఇంటావిడా ఆ రాత్రే పక్క వాటాకు వెళ్లి సంగతి వివరించాము. ఆ అమ్మాయి మొదట నమ్మలేదు, తరువాత నవ్వింది, ఆ తరువాత ఏడ్చింది. మగడు అప్పటికే కోలుకొని ఇంటికి వచ్చాడు కనుక అందరమూ బయటపడ్డాము.

ఆమెకు జరిగినది నా తప్పు కూడ. నాలుగు నెలలుగా పాఠం చెబుతూ, తమిళులకు తెలుగు నేర్పేటప్పుడు మొట్టమొదట హెచ్చరించవలసిన మాటను నేను చెప్పలేదు. ఆర్డెన్ దొర 1873లో ఆంగ్లేయుల కోసం ప్రకటించిన తెలుగు వ్యాకరణాన్ని ముందు పెట్టుకొన్నాను. గ్రంథభాషా, వాడుకభాషా రెండూ చూపిన మంచి పుస్తకం అది. అయితే అది మచిలీపట్నం దిగిన దొరలకు. తిరునెల్వేలి నుండి వచ్చిన ఇల్లాలికి కాదు.

మన నేలకు తమిళ క్రైస్తవ కుటుంబాలు రావడం కొత్త కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులూ, ధనమూ, నిర్వహణా అన్నీ ఈ దేశానివే కావాలన్నది వారి నియమం. మరుసటి ఏడే మొదటి మనిషిని నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు పంపారు. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవి వదలి 1909లో తానే దోర్నకల్ చేరాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. చరిత్ర వ్రాసేవారు ఇక్కడ ఒక పేరా ముగిస్తారు. నా ఆలోచన మరొక వైపు పోతుంది. 1874లో పుట్టిన మనిషి, ముప్పది అయిదేండ్ల వయసులో, సంసారంతో, అ ఆలు దిద్దుకోవడానికి కూర్చొన్నాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ కాలంలోనే కళాశాల చదువు రుచి చూసిన స్త్రీ. ఊరు కాని ఊరిలో, భాష కాని భాషలో ఆమె స్త్రీల నడుమ పని చేసింది. దోర్నకల్‌లో భారతీయ వాస్తు రీతులు కలిపి కట్టించిన ఆ దేవాలయం 1939లో ప్రతిష్ఠ పొందింది. ఆయన పేరు దాని మీద నిలిచింది. ఆమె ఎన్ని ‘అవసరం లేదు’లు అన్నదో, ఎందరు గడప దగ్గర నుండి తిరిగి పోయారో ఎవరు వ్రాసిపెట్టారు?

అంతకు ముందు 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మచిలీపట్నం చేరారు. నోబుల్ బ్రహ్మచారి. 1843లో పాఠశాల పెట్టి, స్వదేశం ముఖం మళ్లీ చూడకుండా, 1865లో అక్కడే కన్నుమూశాడు. ఫాక్స్ సంసారి. 1845లో భార్యను పోగొట్టుకొన్నాడు, 1848లో తానూ పోయాడు. ఒంటరివాని త్యాగం అతని సొంత ఆస్తి, ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు. సంసారి ఇచ్చేదానిలో భార్య వాటా, బిడ్డల వాటా కలిసి ఉంటాయి. ఆ వాటాదారులను అడిగారా అన్నదే నా ప్రశ్న.

అడగలేదు. నా శిష్యుని ఇంటిలోనూ అడగలేదు. అతనికి ఒక సంస్థవారు సెలవు దినాలలో శిక్షణ ఇచ్చారు. వాక్యం ఎలా చెప్పాలి, పల్లెలో ఎవరిని కలవాలి, పద్దులు ఎలా వ్రాయాలి. ఆమెకు ఒక్క పూట శిక్షణ లేదు. సన్నాహంలో ముప్పాతిక భాగం ఆమె నెత్తిన పడింది. పిల్లకు అదీ లేదు. ఒకనాడు పాఠం మధ్యలో ఆ పిల్ల పుస్తకం మూసి, మంచి తెలుగులో, “తాతగారూ, పదో తరగతి ఏ ఊరిలో చదువుతానో నాకు తెలియదు” అన్నది. తండ్రి తలవంచుకొన్నాడు. వచ్చే జూన్‌లో వెళ్లాలంటే తొమ్మిదో తరగతిలో ఒక బడి, పదిలో మరొక బడి. లేకుంటే తిరునెల్వేలిలో అమ్మమ్మ దగ్గర.

నేను ఊరుకోలేకపోయాను. నా కథ చెప్పాను. ఉద్యోగంలో నడిమి పదకొండేండ్లు నన్ను నారాయణఖేడ్ దాటిన ఒక పల్లెకు వేశారు. భార్యాపిల్లలను సంగారెడ్డిలో ఉంచి, శనివారం సాయంకాలం బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున తిరుగు బస్సెక్కేవాణ్ణి. ఆ ఊరి పిల్లలు నలుగురు పండితులైనారు. ఊరివారు శాలువ కప్పారు. మా అబ్బాయి ఈనాటికీ నాతో ఫోనులో రెండు నిమిషాల కంటె ఎక్కువ మాట్లాడడు. వానికి తల్లితోనే మాటలు. దానినీ సేవ అనే అన్నారు, నేనూ అదే అనుకొన్నాను. బదిలీ వేసినవారిని తప్పు పట్టను. ఇంటిని అడగని తప్పు నాది. “బాబూ, నీకు తమిళ ‘అవసరం’ చాలా ఉన్నది, తెలుగు ‘అవసరం’ కనబడడం లేదు” అన్నాను. అతనికి కోపం వచ్చింది. రెండు వారాలు పాఠానికి రాలేదు. ఆమె, పిల్లలు వచ్చారు.

ఇదే సమయంలో నా మిత్రుడొకడు, నాతోపాటు పండిత శిక్షణ పొందినవాడు, మా ఇంటికి రావడం మానుకొన్నాడు. మతం మార్చేవారికి నీవు పదును పెడుతున్నావని అతని అభియోగం. కాదనలేను, భాష ఆయుధమే. అయితే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746–47లో జర్మనీలోని హాలేలో వెలువడ్డాయి. వాటి వెనుక మదరాసులో తెలుగు నేర్చిన షుల్జ్ ఉన్నాడు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజి అనే మిషనరీలకు ఆనందరాయరు సాయపడ్డాడు. మిషనరీ కాకపోయినా బ్రౌను దొరకు జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మం వంటి పండితులు పనిచేశారు. వచ్చి అడిగినవానికి చెప్పడమే మన వృత్తిధర్మం. ఎవరితో ఏమి మాట్లాడాలో అతని ఇష్టం, వినాలో వద్దో వినేవాని ఇష్టం. భాష సగమే తెలిసినవాడు పల్లెకు వెళితే నష్టం ఎక్కువ అన్నది నేను ఆ ఫిబ్రవరిలో కళ్లారా చూశాను. మిత్రుడు ఒప్పుకోలేదు. ఉగాదికి మాత్రం వచ్చి పచ్చడి తిని వెళ్లాడు.

మూడో వారం శిష్యుడు వచ్చాడు. ఏడాది ఆగుతామన్నాడు. అతడు ఎవరిని అడిగాడో, ఇంటిలో ఏమి జరిగిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పిల్ల ఇక్కడే పదో తరగతి పూర్తి చేసింది, 2025 మార్చిలో పరీక్షలు వ్రాసింది. ఇంటర్‌కు సంగారెడ్డిలో చేరి వసతిగృహంలో ఉంటానని తానే తేల్చి చెప్పింది. సంగారెడ్డి ఇంద్రేశానికీ నారాయణఖేడ్‌కూ నడుమ దారిలోనే ఉన్నది. ఆదివారాలు కొన్ని తల్లి దగ్గర, కొన్ని మా ఇంటిలో.

2025 జూన్ నెలాఖరుకు సామాను కట్టారు. జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగింది. యాభైమందికి పైగా చనిపోయారు. చాలామంది ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాలు వంటి దూర ప్రాంతాలనుండి వచ్చినవారు. ఆసుపత్రుల ముందు తమవారి కోసం వెదుకుతున్న బంధువులకు తెలుగు రాదు, చెప్పేవారికి వారి భాష రాదు. శిష్యుడు కర్మాగారంలో పది రాష్ట్రాలవారితో పనిచేసి నేర్చుకొన్న హిందీతో అక్కడ రెండు వారాలు తిరిగాడు. ప్రయాణం ఆగింది. ఆమె, రొట్టె నేర్పిన అమ్మాయి కలిసి అన్నం పొట్లాలు కట్టారు. అప్పుడు నేను అన్నాను: పల్లెకు పోవడమెందుకు, భాష రాని మనుషులు ఇక్కడే ఇందరున్నారు కదా, ఇక్కడే ఉండిపో. అతడు చాలాసేపు ఆలోచించి, “అక్కడివారికి మాట ఇచ్చాను సార్” అన్నాడు. ఈ విషయంలో ఇప్పటికీ నా మాటే సరి అని నా పట్టుదల. అతనిది అతనికి ఉన్నది.

జులైలో వెళ్లారు. ఫ్రిజ్ పక్కింటివారికి ఇచ్చారు. కట్టెల పొయ్యి ఇటుకలు పెరట్లోనే ఉన్నాయి.

మొన్న రాత్రి ఆమె ఫోను చేసింది. ఆ వైపు కన్నడమూ మరాఠీ కలిసిన తెలుగు, సగం తెలియడం లేదన్నది. “సార్, ఇక్కడ ‘జల్ది ఏం లేదు’ అంటున్నారు. తొందర లేదు అనేనా?” అని అడిగింది. అదే అన్నాను. “నేనూ అదే అనవచ్చా?” అన్నది. అనవచ్చు అన్నాను. వ్రాసుకొంటానని, పెనం మీద రొట్టె మాడుతున్నదని, ఫోను పెట్టేసింది.